ఊళ్లోనే ఇల్లు మారడం ఎలా? బరంపురం వాళ్ల కోసం

ఒడిశాలోని బరంపురంలో అద్దెకుండే మన తెలుగువాళ్లు ఇల్లు మారే ముందు అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఇక్కడి నుంచి అక్కడికే కదా, ఈ ప్యాకింగులూ అవీ ఎందుకు, బండిలో పడేసి తీసుకెళ్లిపోతే పోదా?" పోదండీ. దూరం తగ్గితే తగ్గేది డీజిల్ ఖర్చు ఒక్కటే. బీరువాని రెండో అంతస్తు నుంచి దించి మళ్లీ ఇంకో రెండో అంతస్తుకి ఎక్కించే కష్టం హైదరాబాద్ వెళ్లినా అంతే, పక్క వీధికి వెళ్లినా అంతే. అసలు దగ్గరి మార్పిడిలోనే సామాను ఎక్కువ పాడవుతుంది. దూరమైతే భయపడి గట్టిగా కడతాం, దగ్గరైతే గాజు గ్లాసులు బకెట్లో వేసుకుని స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరతాం.

అయితే దగ్గరి మార్పిడికి ఒక పెద్ద సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా వాడుకోరు. అంతా ఒక్క రోజులో అయిపోవాలని రూలేం లేదు. రెండు ఇళ్ల తాళాలూ మీ చేతిలో ఉండే మూడు నాలుగు రోజులు సంపాదించారంటే సగం టెన్షన్ పోయినట్టే. కొత్త ఇంటి ఓనరుతో ఆ నాలుగు రోజుల అద్దె అదనంగా ఇస్తామని చెప్పి తాళం ముందే తీసుకోండి. పెద్ద బండి మాట్లాడటానికి పెట్టే డబ్బు కంటే ఇది మంచి ఖర్చు. కింద చెప్పే పద్ధతంతా ఈ నాలుగు రోజుల మీదే నడుస్తుంది.

రెండు గదులు, హాలు, వంటిల్లు ఉన్న ఇంటికి ఇది సరిపోతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకీ ఇంచుమించు ఇదే.

ముందు సమకూర్చుకోవలసినవి

- అట్టపెట్టెలు. మందుల షాపులో దొరికే చిన్న పెట్టెలు గట్టిగా ఉంటాయి, పుస్తకాలకు, సీసాలకు అవే మేలు. టీవీ పెట్టెలాంటి పెద్దవి బట్టలకి, దిళ్లకి మాత్రమే.
- ఖాళీ బియ్యం సంచులు, గోనె సంచులు
- పాత దుప్పట్లు, పాత నూలు చీరలు, తువ్వాళ్లు, పాత పేపర్లు
- వెడల్పాటి టేపు, నైలాను తాడు, కత్తెర, లావు మార్కర్ పెన్ను
- కొలిచే టేపు
- స్క్రూడ్రైవర్లు, స్పానర్లు, మరలు వేసుకోవడానికి చిన్న ప్లాస్టిక్ కవర్లు
- ఒక టార్పాలిన్. వానాకాలం కాకపోయినా ఉంచుకోండి.

1. రోజు ఖాయం చేసుకోండి

పంచాంగం చూసే ఇళ్లలో ఆషాఢం, శూన్యమాసం, మూఢం, అమావాస్య, మంగళవారం పోగా మిగిలే రోజులు ఎలాగూ తక్కువే. నమ్మినా నమ్మకపోయినా ఇంట్లో పెద్దవాళ్లని ముందే అడిగేయండి, బండి మాట్లాడాక "ఆ రోజు వద్దు" అంటే అడ్వాన్సు పోతుంది.

మనవాళ్లు మర్చిపోయేది ఓనరు పంచాంగం. ఒడియా ఇళ్లలో మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ చాలా నిష్ఠగా చేస్తారు, ఆ రోజు ఇంట్లోంచి సామాను బయటికి పోవడం, డబ్బు చేతులు మారడం వాళ్లకి నచ్చదు. మనకీ మార్గశిర లక్ష్మీవారాలు ఉన్నాయి కాబట్టి ఇది కొత్తేమీ కాదు, కాకపోతే వాళ్ల నెల పున్నమి తర్వాత మొదలవుతుంది, మనది అమావాస్య తర్వాత. అంటే వాళ్ల మార్గశిరం మనకంటే పదిహేను రోజులు ముందే వచ్చేస్తుంది. మన క్యాలెండర్లో ఇంకా కార్తీకమే కదా అని లక్ష్మీవారం నాడు తాళం అడగడానికి వెళ్తే ఓనరమ్మ మొహం చూడాలి మీరు.

ఇంకొన్ని తప్పించాల్సిన రోజులు:

జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజో పండగ మూడు రోజులు కలాసీలు (సామాను మోసే కూలీలు) దొరకరు, దొరికినా రెట్టింపు అడుగుతారు. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణీ యాత్ర (ఇక్కడి అమ్మవారి జాతర) జరిగినన్నాళ్లూ పాత బరంపురంలో, ముఖ్యంగా దేశీబెహెరా వీధి చుట్టుపక్కల, సాయంత్రం అయ్యాక బండి తిప్పడం కుదరని పని. ఆ వైపు మారాల్సి వస్తే తెల్లవారకముందే పని మొదలుపెట్టండి.

అక్టోబరులో మారేవాళ్లు వాతావరణం కబురు చూడకుండా తేదీ పెట్టొద్దు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి మన గంజాం, గజపతి జిల్లాల్ని ముంచేసింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినబడితే బండిని వారం వాయిదా వేసుకోండి, ఓనర్లు కూడా కాదనరు.

ఎండాకాలమైతే పొద్దున్న ఐదున్నరకే కలాసీలు గుమ్మంలో ఉండేలా మాట్లాడుకోండి. పది దాటితే ఆ ఉక్కపోతలో బీరువా మోసేవాడికి చేతులు జారతాయి.

2. కొత్త ఇల్లు ఖాళీగా ఉండగానే కొలిచి, పరీక్షించి రండి

ఇది ఒక గంట పని, కానీ ఎవరూ చేయరు. టేపు తీసుకెళ్లి గుమ్మం వెడల్పు, మెట్ల వెడల్పు, మెట్లు మలుపు తిరిగే చోటు, పడగ్గది తలుపు కొలవండి. తర్వాత మీ బీరువా, ఫ్రిజ్, మంచం, సోఫా కొలవండి. బీరువా మామూలుగా ఆరున్నర అడుగుల ఎత్తుంటుంది, అది మెట్ల మలుపులో వాల్చితేనే తిరుగుతుంది, పైన శ్లాబు తక్కువ ఎత్తులో ఉంటే తిరగదు. అప్పుడు బాల్కనీ మీంచి తాడు కట్టి లాగాలి, దానికి మనుషులు వేరు, ధర వేరు. ఇది ఆ రోజు గుమ్మం దగ్గర తెలిస్తే కలాసీ ఎంత చెప్తే అంతే.

తర్వాత ఇవి చూడండి:

- కరెంటు మీటరు. రీడింగ్ ఫోటో తీయండి. డిజిటల్ మీటర్లో అంకెలు మారుతూ ఉంటాయి, ఒకసారి తేదీ, ఒకసారి వోల్టేజి, ఇంకోసారి ఇంకేదో. కిలోవాట్ అవర్స్ అని గుర్తు పడేదాకా ఆగి, లేదా బటన్ నొక్కి, అప్పుడు తీయండి. ఫోటోలో మీటరు నంబరు కూడా పడాలి. చాలామంది తేదీని ఫోటో తీసుకుని రీడింగ్ అనుకుంటారు.
- పాత బాకీ. ఓనరు దగ్గర పాత బిల్లు అడిగి, కన్స్యూమర్ నంబరు కొట్టి ఆన్‌లైన్లో చూడండి. 2021 జనవరి నుంచి ఇక్కడి సరఫరా పాత కరెంటు కంపెనీ సౌత్‌కో చేతిలోంచి టాటా పవర్ వాళ్లకి వెళ్లింది, కన్స్యూమర్ నంబరుతో బకాయి ఎంతుందో తెలిసిపోతుంది. ముందున్నవాళ్లు కట్టకుండా పోయి ఉంటే కరెంటు తీసేది మీరున్నప్పుడే.
- నీళ్లు. మున్సిపల్ నీళ్లు ఎన్నింటికి వస్తాయో ఓనర్ని అడక్కండి, పక్కింటివాళ్లని అడగండి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి చూడండి. కమోడ్ ఫ్లష్ రెండుసార్లు కొట్టండి.
- ప్లగ్ పాయింట్లు. ఒక ఫోన్ ఛార్జర్ పట్టుకెళ్లి ప్రతి దానికీ పెట్టి చూడండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ పెట్టాలనుకునే చోట మూడు పిన్నుల పెద్ద సాకెట్ ఉందా? లేకపోతే సామాను రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవడం సులువు.
- గోడల మీద తడి మచ్చలు, ముఖ్యంగా మంచం, బీరువా పెట్టబోయే గోడ. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊరు, తడి గోడకి బీరువా ఆనించారంటే ఒక వానాకాలానికే వెనక తుప్పు, లోపల పట్టుచీరలకి బూజు.

అన్నిటికీ ఫోటోలు తీసి ఆ రోజే ఓనరుకి వాట్సాప్ చేయండి. "అంకుల్, ఇవి ముందునుంచీ ఉన్నవి, చూసి ఉంచండి" అని ఒక ముక్క. గొడవ పెట్టుకున్నట్టు ఉంటుందేమో అని మొహమాటపడొద్దు. ఖాళీ చేసే రోజు ఆ ఫోటోలే మీ అడ్వాన్సుని కాపాడతాయి.

3. బండి, కలాసీలు

ఛోటా హాథీ అని మనం పిలిచే టాటా ఏస్ తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగులకి ఒక వేలు తక్కువ వెడల్పు. మోసే బరువు ముప్పావు టన్ను దాకా. రెండు గదుల ఇంటికి రెండు ట్రిప్పులు, సామాను ఎక్కువైతే మూడు. బొలేరో పికప్ అయితే ఒకటో రెండో, కానీ పాత ఊళ్లో, నేతగాళ్ల వీధుల్లో అది లోపలికి రాదు. బండి వీధి మొదట్లో ఆగిపోతే అక్కడి నుంచి మోసుకురావడమే, అందుకని సందుల్లో ఉండేవాళ్లకి చిన్న బండి రెండు ట్రిప్పులే మేలు. పర్లాకిమిడిలాంటి చిన్న ఊళ్లో ట్రాలీ రిక్షాతో కూడా చాలా సామాను లాగించేయొచ్చు, పెట్టెలకి, మొక్కలకి అది బాగుంటుంది, ఫ్రిజ్‌కి వద్దు.

డబ్బు మాట్లాడేటప్పుడు ఇవన్నీ ఒకేసారి తేల్చుకోండి: ట్రిప్పుకా, మొత్తానికా? ఎక్కించడం, దించడం రెండూ కలిపేనా? గుమ్మం దాకానా, గదిలో పెట్టేదాకానా? ఎన్నో అంతస్తు? మంచం విప్పి బిగించేది ఎవరు? టీ, టిఫిన్ ఎవరిది? ఇంట్లో ఉన్న పెద్ద సామాన్లన్నీ పేర్లతో చెప్పండి. రుబ్బురోలు ఉందని చెప్పకుండా మాట్లాడి, ఆ రోజు చూపిస్తే కలాసీ అలగడం న్యాయమే.

సాయంత్రం పూట గేట్ బజార్, అన్నపూర్ణ మార్కెట్, ఆస్కా రోడ్డు వైపు రద్దీలో బండి నిలబెట్టే చోటు కూడా దొరకదు. మధ్యాహ్నం రెండులోపు ఆఖరి ట్రిప్పు దిగిపోవాలి అని లెక్క పెట్టుకోండి.

4. కట్టే ముందు తగ్గించండి

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అటక మీద ఉన్నది మొత్తం కిందికి దించండి. రెండేళ్లుగా తీయనిదాన్ని మళ్లీ మోయొద్దు. పాత పేపర్లు, ఇనప సామాను కబాడీ అతనికి వారం ముందే ఇచ్చేయండి. అమ్మగారు "అది ఉండనీ" అన్నదాన్ని మాత్రం ఉండనీయండి, ఇల్లు మారే వారంలో కొత్త గొడవలు వద్దు.

5. పెట్టెల మీద పేర్లు రాయకండి, నంబర్లు వేయండి

ఇది మన ఊళ్లకి ప్రత్యేకం. అమ్మ తెలుగే చదువుతుంది. పిల్లలు ఒడియా మీడియమో ఇంగ్లీషో, తెలుగు మాట్లాడతారు కానీ అక్షరాలు రావు. మోసే మనిషికి ఒడియా వస్తే వస్తుంది, లేకపోతే ఏదీ రాదు. "వంటిల్లు, గాజు సామాను, జాగ్రత్త" అని మీరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది ఎవరికోసం?

ఇలా చేయండి. ప్రతి గదికీ ఒక రంగు. వంటిల్లు ఎరుపు, పడగ్గది నీలం, హాలు ఆకుపచ్చ, దేవుడి సామాను పసుపు. రంగు టేపు లేదా రంగు కాగితం ముక్క పెట్టెకి రెండు పక్కలా అంటించి, దాని మీద పెద్ద అంకె వేయండి. పైన వేయొద్దు, ఒకదాని మీద ఒకటి పెడితే కనబడదు. కొత్త ఇంట్లో ప్రతి గది తలుపు మీదా అదే రంగు కాగితం అంటించండి. ఇక కలాసీకి మీరు ఏం చెప్పక్కర్లేదు, ఎరుపు ఎరుపులోకి వెళ్తుంది. ఏ నంబరులో ఏముందో ఫోన్లో రాసుకోండి, లేదా పెట్టె మూసే ముందు పైనుంచి ఒక ఫోటో తీయండి, అది ఇంకా సులువు.

పగిలేవి ఉన్న పెట్టెకి నాలుగు వైపులా గ్లాసు బొమ్మ గీయండి, పైవైపు ఎటో బాణం గుర్తు పెట్టండి. బొమ్మ అందరికీ అర్థమవుతుంది.

బరువు పరీక్ష: నింపిన పెట్టెని మీ ఇంట్లో ఆడవాళ్లు ఒక్కరే నడుం పట్టకుండా మంచం ఎత్తుకి లేపగలగాలి. లేపలేకపోతే సగం తీసేయండి. పుస్తకాలు పెద్ద పెట్టెలో వేయడం అందరూ చేసే తప్పు, మెట్ల మధ్యలో అడుగు ఊడిపోతుంది. నింపాక పెట్టెని ఒకసారి కొద్దిగా ఊపండి. లోపల గలగలమంటే ఖాళీ ఉన్నట్టే, పేపరు ఉండలు కూరండి.

పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూట కట్టొద్దు, లోపల చెమ్మ పట్టి మరకలు పడతాయి. పాత నూలు పంచెలో చుట్టి, సూట్‌కేసులో పెట్టి, మీతోపాటు తీసుకెళ్లండి. నగలు, పత్రాలు, పాస్‌పుస్తకాలు ఉన్న సంచి ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఒక్కరి బాధ్యత, ఆ సంచి బండి ఎక్కకూడదు.

6. వంటిల్లు

వంటింటికి ఒక రోజు మొత్తం పడుతుంది. అన్నిటికంటే ముందు మొదలుపెట్టి, అన్నిటికంటే చివర ముగించేది ఇదే. ముందుగా మారేదాకా కావలసినవి పక్కకి తీయండి: ఒక కుక్కరు, ఒక బాణలి, మనిషికో కంచం, గ్లాసు, పోపుల డబ్బా, టీ సామాను. మిగతాదంతా కట్టేయొచ్చు.

కంచాలు, గాజు పళ్లేలు నిలువుగా పెట్టండి, పుస్తకాలు అరలో నిలబెట్టినట్టు. పడుకోబెట్టి దొంతర పెడితే అడుగుది పగులుతుంది. స్టీలు డబ్బాల్లో పప్పులు, పిండి అలాగే ఉంచొచ్చు కానీ మూతకి టేపు వేయండి. ఖాళీ గిన్నెల్లో తువ్వాళ్లు, గరిటెలు కూరితే పెట్టెలు తగ్గుతాయి.

ఆవకాయ జాడీ సంగతి వేరు. ముందురోజు పైన తేలిన నూనె కొంచెం వేరే సీసాలోకి తీయండి, లేకపోతే కుదుపుకి మూత కింద నుంచి కారుతుంది. జాడీ నోటికి శుభ్రమైన పొడి గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కాగితం, గట్టిగా తాడు. తర్వాత జాడీని బకెట్లో నిలబెట్టి చుట్టూ పాత బట్టలు కుక్కండి. ఇది బండిలో వేయొద్దు, ఆటోలో కాళ్ల మధ్య పెట్టుకుని తీసుకెళ్లండి. కొత్త ఇంట్లో దించాక గుడ్డ విప్పి, తడి తగిలిందేమో చూసి, తీసిన నూనె మళ్లీ పోయండి. జాడీ నిండా ఉంటే ఇంకో దారి, చిన్న సీసాల్లోకి సర్దేసి ఖాళీ జాడీని తీసుకెళ్లడం. పెద్దవాళ్లకి నచ్చదు, కానీ భద్రం.

గ్రైండర్లో రాళ్లు తీసి విడిగా గోనెలో చుట్టండి. మిక్సీ జార్లు మోటారు మీద బిగించి ఉంచొద్దు.

7. మెషీన్లు, గ్యాస్, బ్యాటరీ

ఫ్రిజ్: ముందురోజు రాత్రే ఆపి, ఖాళీ చేసి, తలుపు తెరిచి ఉంచండి. వెనక నీళ్ల ట్రే ఉంటే ఒంపేయండి. అరలు తీసి విడిగా కట్టండి, తలుపుకి టేపు వేయండి. నిలబెట్టే తీసుకెళ్లాలి. దించిన వెంటనే ప్లగ్ పెట్టకండి, కనీసం మూడు నాలుగు గంటలు నిలబెట్టి ఉంచండి, కంప్రెసర్లో నూనె కిందికి దిగాలి. ఎంత చెప్పినా వినకుండా పడుకోబెట్టి తెచ్చారా, అయితే ఆ రోజంతా వదిలేసి మర్నాడు ఆన్ చేయండి. ఆన్ చేసిన కొన్ని గంటలకి గ్లాసు నీళ్లు చల్లబడితే సరే, మోటారు శబ్దం వస్తున్నా చల్లబడకపోతే ఆపేసి మెకానిక్‌ని పిలవండి.

వాషింగ్ మెషిన్: గొట్టాల్లో నీళ్లు పూర్తిగా దించేయండి. ముందు తలుపు ఉండే రకమైతే డ్రమ్ము కదలకుండా వెనక బిగించే ట్రాన్సిట్ బోల్టులు కొన్నప్పుడు ఇచ్చి ఉంటారు, వెతికి బిగించండి. కొత్త ఇంట్లో మెషిన్ తిప్పే ముందు అవి తీయడం మర్చిపోతే ఇల్లంతా ఊగుతుంది.

ఏసీ: మీరు చేతులు పెట్టొద్దు. మెకానిక్ వచ్చి గ్యాసుని బయటి యూనిట్లోకి లాగి మూశాకే విప్పాలి. ఒకట్రెండు రోజులు ముందే పిలవండి.

ఇన్వర్టర్ బ్యాటరీ: ముందు ఇన్వర్టర్ ఆపి, మెయిన్ ప్లగ్ తీసి, తర్వాత నెగటివ్ వైరు, ఆ తర్వాత పాజిటివ్. పెద్ద ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైనే ఉంటుంది, లోపల యాసిడ్. ఇద్దరు మోయాలి, అస్సలు వాల్చకూడదు, బట్టల పక్కన పెట్టకూడదు. విప్పే ముందు వైర్లు ఎలా ఉన్నాయో ఫోటో తీసుకోండి.

గ్యాస్: రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌కి తెల్ల మూత బిగించండి. నిండు సిలిండర్ గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై దాకా. దొర్లించకండి, పడుకోబెట్టకండి. తెరిచిన తొట్టిలో నిలువుగా తాడు కట్టి తీసుకెళ్లాలి, మూసిన కారు డిక్కీలో వద్దు. కొత్త ఇంట్లో బిగించాక సబ్బు నురుగు రాసి చూడండి, బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూడటం కొందరికి అలవాటు, ఆ అలవాటు వద్దు. ట్యూబు పాతబడి ఉంటే మార్చడానికి ఇదే సమయం.

మంచం, టేబుల్ విప్పినప్పుడు ఏ మరలు ఆ ముక్కకే కవర్లో వేసి టేపుతో అంటించండి. అన్ని మరలూ ఒకే డబ్బాలో వేస్తే సాయంత్రం నేల మీదే పడుకుంటారు.

8. ముందు రోజుల్లో చేతి మీద తరలించేవి

తాళం దొరికిన రోజు నుంచే కొత్త ఇల్లు కడిగించండి, పురుగుల మందు కొట్టించండి, అలమరాల్లో పేపర్లు పరవండి. పాలు పొంగించడం కూడా ఈ రోజుల్లోనే మంచి ఘడియ చూసి చేసేయొచ్చు, దేవుడి పటాలు, పాలు, కొత్త గిన్నె, బియ్యం, ఉప్పు, పసుపు, కుంకుమ తీసుకెళ్లి. సామాను వచ్చే రోజే పాలు పొంగించాలని కూర్చుంటే బయట బండి వాడు హారన్ కొడుతూ ఉంటాడు, లోపల పొయ్యి వెలగదు.

ఆ తర్వాత రోజుకి కొంత, అద్దాలు, పటాలు, మొక్కలు, మిక్సీ, పుస్తకాలు స్కూటర్ మీదో ఆటోలోనో తీసుకెళ్లి వాటి చోట వాటిని పెట్టేయండి. పెట్టే చోట పెట్టి రండి, హాలు మధ్యలో కుప్ప పోయకండి, తర్వాత బీరువాకి దారి ఉండదు. తులసి కుండీని తడిపి తీసుకెళ్లొద్దు, ముందురోజు నీళ్లు ఆపండి, బరువు తగ్గుతుంది.

ఇంటర్నెట్ కనెక్షన్ మార్చమని వారం ముందే చెప్పండి. కొత్త వీధిలో ఆ కంపెనీ కేబుల్ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

9. బండి రోజు

మొదటి ట్రిప్పులో పెద్దవే: బీరువా, ఫ్రిజ్, మంచం, పరుపులు. రెండో ట్రిప్పులో పెట్టెలు, మూటలు. తిరగేసి చేస్తే పెట్టెలన్నీ గదుల్లో నిండిపోయి బీరువా గుమ్మంలో నిలబడిపోతుంది. తొట్టిలో క్యాబిన్ వైపు బీరువా, ఫ్రిజ్ నిలబెట్టి, మధ్యలో పరుపు, మళ్లీ తాడు. బీరువా ఖాళీ చేయకుండా మోయిస్తామని కొందరు పట్టుబడతారు, తలుపు వంగి తాళం పడక పోయేది అందుకే.

ఇంట్లో ఒకరు పాత ఇంటి దగ్గర, ఒకరు కొత్త ఇంటి దగ్గర ఉండాలి. పాత ఇంటి మనిషి నంబర్లు చెప్పి ఎక్కిస్తారు, కొత్త ఇంటి మనిషి నంబర్లు టిక్కు పెట్టుకుని దింపించుకుంటారు. డబ్బు మొత్తం ఇచ్చేది టిక్కులు సరిపోయాక, ఫ్రిజ్, బీరువా మీద గీతలు చూసుకున్నాక. కలాసీలకి మజ్జిగ, టీ వేళకి అందితే పని తేడా మీకే తెలుస్తుంది.

మొదటి రాత్రి సంచి ఒకటి విడిగా ఉండాలి: మందులు, ఛార్జర్లు, దుప్పట్లు, ఒక జత బట్టలు, టార్చి, దోమల మందు, తాళం కప్ప, చెంబు, పిల్లల స్కూలు సంచులు. ఆ రాత్రికి వంట పెట్టుకోవద్దు, టిఫిన్ తెప్పించుకోండి.

కొత్త ఇంట్లో మొదట బిగించాల్సింది మంచాలు. పెట్టెలు రేపు విప్పినా ఎవరూ చావరు.

10. పాత ఇల్లు అప్పగించడం

చాలామంది సామాను వెళ్లగానే తాళం విసిరేసి పోతారు. ఒక్క పూట ఆగండి. ఖాళీ ఇంట్లో అటకలు, తలుపుల వెనక కొక్కేలు, బాత్రూం అలమర, మేడ మీద బట్టల తాడు, మీటరు బోర్డు పైన చూడండి. మర్చిపోయిన తాళంచెవులు అక్కడే దొరుకుతాయి. పాత చీపురు కొత్త ఇంటికి తీసుకెళ్లకూడదంటారు కదా, దాంతోనే ఇల్లు ఊడ్చి అక్కడే వదిలేయండి.

ఫ్యాన్లు, ట్యూబులైట్లు ఎవరివో ఓనరుతో ముందే తేల్చుకోండి. ఆఖరి మీటరు రీడింగు ఓనరు ఎదురుగానే ఫోటో తీసి, ఆ రోజు దాకా బిల్లు లెక్క కట్టి, కాగితం మీద సంతకం తీసుకోండి. సున్నం ఖర్చు అని అడ్వాన్సులో కోస్తే ఎంత, ఎందుకు అని అడగండి, చేరినప్పటి ఫోటోలు చూపించండి. డబ్బు చేతికొచ్చాకే ఆఖరి తాళంచెవి.

11. కాగితాలు

అద్దె ఒప్పందం మామూలుగా 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అది ఒడియాలో ఉంటే, మాట్లాడటం బాగానే వచ్చు కదా అని సంతకం పెట్టేయకండి, చదివేవాళ్లతో చదివించుకోండి. నోటీసు ఎన్ని నెలలు, అద్దె ఎంత పెరుగుతుంది, సున్నం ఎవరు వేయించాలి, ఈ మూడూ వినండి. మీ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి రాతకోతల్లో చివర రాసేస్తారు, ఆ తేడాతోనే తర్వాత అడ్రసు మార్పులు తిరిగొస్తాయి.

గ్యాస్: కొత్త ఇల్లు అదే ఏజెన్సీ కిందికి వస్తే అడ్రసు మార్చితే చాలు. ఏజెన్సీ మారితే, కంపెనీ ఒకటే, ఊరు ఒకటే కాబట్టి సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించక్కర్లేదు, బదిలీ కాగితం ఇస్తారు.

ఆధార్ అడ్రసు ఆన్‌లైన్లోనే మార్చుకోవచ్చు, ఫోన్ నంబరు లింకయి ఉండాలి. ఓటరు జాబితాలో అడ్రసు మార్పుకి ఫారం 8. మీ సొంత బండి ఆర్సీలో అడ్రసు 30 రోజుల్లో మార్పించుకోవాలని చట్టం, అందరూ వదిలేస్తారు, ఇన్సూరెన్స్ క్లెయిం నాడు గుర్తొస్తుంది. బ్యాంకు, ఎల్ఐసీ, స్కూలు, రేషన్ డీలరు, వీళ్లకీ కొత్త అడ్రసు ఇవ్వండి. షాపింగ్ యాప్‌లలో పాత అడ్రసు తీసేయకపోతే పార్సిళ్లు పాత ఇంటికే పోతాయి, కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేసి చెప్పేంత మంచివాళ్లయితే మీ అదృష్టం.

పర్లాకిమిడి వాళ్లకి ఒక హెచ్చరిక. పక్కనే కదా అని పాతపట్నం వైపు ఇల్లు చూసుకుంటే పైన చెప్పిన కాగితాల లెక్క మారిపోతుంది, అది ఆంధ్ర. సామాను తరలింపు ఇంకా ఊళ్లో మారినట్టే ఉంటుంది, కానీ రేషన్ కార్డు, కరెంటు, పిల్లల బడి, కుల ధృవీకరణ అన్నీ రాష్ట్రం మారినట్టే. మీ సొంత బండి 12 నెలలు దాటి అక్కడే తిరిగితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అద్దె తక్కువని చూసి అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ లెక్క వేసుకోండి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్లేవాళ్లకీ ఇదే.

12. వారం తర్వాత ఒకసారి సరిచూడండి

మీటరు మళ్లీ ఫోటో తీసి, వారంలో ఎన్ని యూనిట్లు తిరిగిందో చూడండి. అన్నీ ఆపేసినా మీటరు తిరుగుతుంటే పక్క వాటా కరెంటు మీ మీద పడుతున్నట్టు, ఓనరుని పిలిచి అక్కడే చూపించండి. బీరువా వెనక గోడ తడిమి చూడండి. గ్యాస్ ట్యూబు దగ్గర సబ్బు నురుగు ఇంకోసారి. ఆవకాయ మూత తీసి వాసన చూడండి. నంబర్ల జాబితాలో టిక్కు పడని పెట్టె ఏదైనా ఉంటే పాత ఇంటి ఓనరుకి ఇవాళే ఫోన్ చేయండి, కొత్త అద్దెవాళ్లు దిగాక ఆ పెట్టె ఎవరిదో తేల్చడం కష్టం.